దత్తు కారులో మూడు మీటర్లు

నారాయణఖేడ్‌లో బీదర్ రోడ్డు మీద, ఎరువుల దుకాణానికీ పంక్చర్ల షెడ్డుకూ నడుమ ఇరుక్కున్న రేకుల కొట్టు బస్వరాజ్‌ది. బోర్డు లేదు. ముప్పై ఏళ్లుగా బండ్ల కరెంటు పని చేస్తున్నాడు కాబట్టి బోర్డు అవసరం పడలేదు. కంగ్టి నుంచి మనూర్ దాకా ఏ ట్రాక్టరు సెల్ఫు తీసుకోకపోయినా, ఏ జీపుకు లైట్లు వెలగకపోయినా "ఖేడ్‌కు గుంజుకపోండ్రి, బస్వరాజ్ ఉన్నడు" అనడం జనానికి అలవాటు.

అయితే అతనికి పేరు వచ్చింది చేతుల వల్ల కాదు, చెవి వల్ల. ఇంజను నడుస్తుండగా స్క్రూలు విప్పే, మూరెడు పొడవున్న పేచ్‌కస్ మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఒత్తుకుని కళ్లు మూసుకునేవాడు. లోపల ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు వదులైందో చెప్పేవాడు. నిజానికి అది ఇంజను మేస్త్రీ పని, కరెంటు పనివాడికి దానితో నిమిత్తం లేదు. అయినా పక్క వీధిలో ఇంజన్లు విప్పే యేసయ్య ఒక్కోసారి "జర వచ్చి ఇని పోరా" అని కబురు పెట్టేవాడు. బస్వరాజ్ చెప్పినచోట విప్పితే, అతను చెప్పిన రోగమే కనిపించేది.

ఆ చెవి పోతోంది.

ఎప్పుడు తెలిసొచ్చిందో అతనికి బాగా గుర్తు. నాలుగేళ్ల కిందట ఒక ఆటోకు ఇండికేటర్ రిలే మార్చాడు. స్విచ్చు వేస్తే అది టిక్కు టిక్కుమనాలి. అనలేదు. సామాను ఖరాబుదనుకుని ఇంకోటి బిగించాడు. అదీ అనలేదు. తిట్టుకుంటూ ముందుకొచ్చి చూస్తే లైటు శుభ్రంగా వెలిగి ఆరుతోంది. "మొదటిదే మంచిగ కొట్టుకున్నది గదన్నా, ఎందుకు మార్చినవ్?" అన్నాడు ఆటో డ్రైవరు. బస్వరాజ్ ఏదో చెప్పి తప్పించుకున్నాడు.

భార్య బసమ్మ కొట్లోనే ఉంటుంది. ఫ్యూజులు, బల్బులు, బ్యాటరీ నీళ్లు అమ్ముతుంది. ఎవరైనా వచ్చి బండి రోగం చెప్పగానే, ఆమె అదే మాటను గట్టిగా మళ్లీ అంటుంది. "పొద్దుగాల సెల్ఫు పట్టుకుంటలేదా? నాలుగైదు మాట్ల కొట్టాల్సొస్తుందా?" అని. వచ్చినవాడు ఆమె తెలుసుకోవడానికి అడుగుతోందనుకుంటాడు. బస్వరాజ్‌కు సంగతి అందుతుంది. పేచ్‌కస్ చెవికి పెట్టుకున్నప్పుడు కూడా ఆమె స్టూలు మీదినుంచే "ముందటి దిక్కు గరగరమంటున్నట్టుంది చూడు" అంటుంది. అతను తలూపి అదే మాట తన మాటగా చెప్తాడు. రెండేళ్లుగా ఇట్లాగే నడుస్తోంది. దీని గురించి ఇద్దరి మధ్య ఒక్క మాట రాలేదు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ మాఘమాసంలో దత్తు వచ్చాడు. అతనిది సిర్గాపూర్. తండ్రి సంగప్ప ఒకప్పుడు పాసింజర్లను ఎక్కించుకుని జీపు నడిపేవాడు. ఆ జీపు వైర్లన్నీ బస్వరాజ్ చేతి మీదుగా నడిచినవే. దత్తు పటాన్‌చెరులో మట్టి తవ్వే మిషన్లు తిప్పి బాగుపడ్డాడు. పెదనాయన బిడ్డ పెండ్లికని ఊరికి వస్తూ తన కారును నేరుగా కొట్టు ముందుకు తెచ్చి ఆపాడు. రెండే తలుపులు, పొడుగాటి మూతి, నేలకు జానెడెత్తున ఒళ్లు, ముదురు నీలం రంగు. పాతికేళ్ల కిందటి విదేశీ స్పోర్ట్స్ కారు. గతుకుల్లో అడుగు తగలకుండా పాము మెలికలు తిప్పుకుంటూ తెచ్చాడట.

"గుర్తు పట్టినవా అన్నా? జీపు సంగప్ప కొడుకును."

"జీపు సంగప్ప కొడుకువా? దత్తువా?" అంది బసమ్మ గట్టిగా. "గింత పెద్దగైనవేందయ్యా!"

దత్తు సీటు కిందినుంచి ఒక అట్టపెట్టె తీసి విప్పాడు. లోపల మూడు గుండ్రటి నల్ల మీటర్లు, వాటి సెన్సర్లు, వైర్ల చుట్టలు. కారులోని పాత ముల్లు మీటర్లలో స్పీడుది తప్ప అన్నీ చచ్చిపోయాయి. ఇంజను ఎంత వేడెక్కిందో తెలియదు, లోపల ఆయిలు ఎంత జోరుగా తిరుగుతోందో తెలియదు, బ్యాటరీ సంగతీ తెలియదు. పాత సామాను ఎక్కడా దొరకడం లేదు. అందుకని ఈ డిజిటల్ మీటర్లు తెప్పించాడు.

"సిటీల రెండు షాపులు తిరిగిన. డ్యాష్‌బోర్డు కొయ్యాలె అన్నరు. నాకు మనసొప్పలే. కొయ్యకుంట పెట్టేటోడు ఎవలన్న ఉన్నరంటే నువ్వే యాదికొచ్చినవ్."

బసమ్మ అదంతా నాలుగు ముక్కల్లో మళ్లీ చెప్పింది. బస్వరాజ్ కారులోకి వంగి డ్యాష్‌బోర్డు అంచులను వేలితో తడిమాడు. సిగరెట్ల బూడిద వేసే అర, దాని పైన చిల్లర సామాను పెట్టుకునే గూడు. ఆ రెండూ తీసేస్తే మూడు మీటర్లకూ చోటు సరిపోతుంది.

"కొయ్యకుంటనే పెడ్త. రెండు రోజులు ఇడిసిపెట్టు," అన్నాడు.

మరునాడు బసమ్మ మనూర్‌లో చెల్లెలి మనుమణ్ని ఊయలలో వేసే తొట్లె కార్యానికి పోయింది. ఎల్లుండి పొద్దుమీకి వస్తానంది. కొట్లో బస్వరాజ్ ఒక్కడే మిగిలాడు.

ఆ రెండు రోజులూ అతను మనసారా పని చేశాడు. అల్యూమినియం రేకును గూడు కొలతకు కత్తిరించి, మూడు రంధ్రాలు తొలిచి, అంచులను ఆకురాయితో నున్నగా చేసి, మెరుపు లేని నల్ల రంగు కొట్టాడు. వైర్లు నాలుగు తీరులు: ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండేది, ఒకటి కీ తిప్పితే వచ్చేది, ఒకటి ఎర్త్, ఇంకొకటి హెడ్‌లైటుతో కలిపేది. చీకట్లో లైటు వేయగానే అంకెల వెలుగు తగ్గాలని ఆ నాలుగోది. నీళ్ల వేడి తెలియడానికి రేడియేటర్ పైపును నడిమిలో కోసి సెన్సరున్న గొట్టం కలిపాడు. ఆయిలు ప్రెషర్ కోసం పాత స్విచ్చు విప్పి, ఆ చోట మూడు మూతుల ఇత్తడి జాయింటు పెట్టి, ఒక మూతికి పాత స్విచ్చునూ ఇంకో మూతికి కొత్త సెన్సరునూ బిగించాడు. దాని ఎర్త్ వైరును విడిగా లాగి, రంగు గీకి, తళతళలాడే ఇనుము మీద బోల్టు వేశాడు. వేడి సైలెన్సరుకు దూరంగా వైర్లన్నిటినీ గుడ్డ టేపుతో చుట్టుకుంటూ వచ్చాడు. కాగితంలోని ఇంగ్లీషు సగమే అర్థమైంది, బొమ్మలు పూర్తిగా అర్థమయ్యాయి.

మూడో రోజు మధ్యాహ్నం కీ తిప్పితే మూడు మీటర్లలోనూ అంకెలు ఒక్కసారిగా వెలిగాయి. తెల్లగా, బొటనవేలి గోరంత. బస్వరాజ్ సీట్లో వెనక్కి వాలి వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఇంజను లోపలి సంగతి తెలుసుకోవడానికి ఇన్నేళ్లూ అతను కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు కళ్లు తెరిచి చూస్తే చాలు. ఎవరూ గట్టిగా మళ్లీ చెప్పనక్కర్లేదు. చాలా కాలానికి అతని మనసు తేలికపడింది.

దత్తు వచ్చి చూసి పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఇద్దరూ కంగ్టి రోడ్డు మీద పోయారు. ముందు అంతా బాగానే ఉంది. ఆయిలు మీటరు నాలుగు దగ్గర ఉంది, బ్యాటరీ పద్నాలుగు, నీళ్ల వేడి మెల్లగా ఎక్కుతోంది. కంది కట్టెల మోపులతో పోతున్న ట్రాక్టర్లను దాటుకుంటూ పది కిలోమీటర్లు పోయి వెనక్కి తిరిగారు. వచ్చేటప్పుడు బస్వరాజ్ గమనించాడు. ఆయిలు అంకె దిగుతోంది. మూడు. రెండు. వేగం పెంచినా పెరగాల్సినంత పెరగడం లేదు. కొట్టు ముందు ఆపి ఇంజను ఊరికే నడుస్తుండగా అంకె సున్నా పాయింట్ ఐదుకు పడి ఎర్రగా మారి టపటప కొట్టుకోసాగింది.

దత్తు పెదాలు కదిలాయి.

"ఏమన్నవ్?"

"కూస్తుంది గదన్నా! మీటరు! చెవులు పగులుతున్నయి, నీకు ఇనబడ్తలేదా?"

మీటరు బస్వరాజ్ మోకాలికి జానెడు దూరంలో ఉంది. అది కూస్తున్నట్టు అతనికి ఆనవాలైనా తెలియలేదు. ఎర్రటి అంకె ఆరి వెలగడమే కనిపిస్తోంది.

"ఆఁ... ఇనబడ్తుంది తియ్యి," అన్నాడు.

దత్తు బానెట్ లేపాడు. పంక్చర్ల షెడ్డు దగ్గరి నలుగురూ చుట్టూ చేరారు. "మీటరు తప్పా, ఇంజను తప్పా? నువ్వు ఇని చెప్పన్నా. దవాఖాన్ల డాక్టరన్న తప్పు చెప్తడు గని బస్వరాజ్ చెవి చెప్పదని మా నాయిన అంటుండె."

బస్వరాజ్ పేచ్‌కస్ తెచ్చాడు. ఇంజను మీద ఆనించి, చెవికి ఒత్తుకుని, కళ్లు మూసుకున్నాడు. ఎముకకు వణుకు తగులుతోంది. ఆ వణుకులో ఏముందో తెలియడం లేదు. కళ్లు తెరిచి, అలవాటు కొద్దీ స్టూలు వైపు చూశాడు. స్టూలు ఖాళీగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లంతా అతని నోటివైపే చూస్తున్నారు.

"ఇంజను మంచిగుంది," అన్నాడు. "కొత్త మీటరు, జర తిక్క చేస్తది. సెన్సరుకు ఎర్త్ సరిగ అందుతలేదు."

ఆ ఎర్త్ ఎట్లా కట్టాడో తనకు తెలుసు. తెలిసే అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. మీటరు పక్కనున్న బొత్తాలు నొక్కి, ఏ అంకె దగ్గర హెచ్చరిక రావాలో ఆ గీతను కిందికి దించాడు. కూతను కూడా బంద్ చేశాడు. ఎరుపు పోయి అంకె తెల్లబడింది. దత్తు ముఖం విప్పారింది.

"ఇగ ఫికర్ లేదు. పొద్దుగాల పెండ్లి అప్పగింతలు కాంగనే సిటీకి పోత," అని కారెక్కి సిర్గాపూర్ వెళ్లిపోయాడు.

పొద్దు గూకే వేళకు బసమ్మ వచ్చింది. లడ్డూల పొట్లం బల్ల మీద పెట్టి, "దత్తు కారు అయిపోయిందా?" అని అడిగింది. అతను జరిగిందంతా చెప్పాడు, తాను చెప్పిన అబద్ధాన్ని అబద్ధమని అనకుండా. ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకోబోయి ఆగింది.

"అది కూసిందని దత్తు చెప్తె తెలిసిందా, నీకు ఇనబడ్డదా?"

అతను బల్ల మీది లడ్డూల పొట్లాన్ని పక్కకు జరిపాడు.

"పేచ్‌కస్ పెట్టి ఏం ఇన్నవ్?"

"ఏం ఇనలే," అన్నాడు బస్వరాజ్.

నాలుగేళ్లలో ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి. బసమ్మ స్టూలు మీద కూలబడింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె గొంతు మాత్రం అతనికి అందేంత గట్టిగా, కోపం లేకుండా వచ్చింది.

"తప్పు నాది గూడ ఉంది. నీకు మాటలు అందిచ్చుకుంట నేనే దాపెట్టిన. ఒక రోజు గిట్లయితదని నాకు తెల్వకపాయె. లైటు ఎలగకుంటే మళ్ల తెస్తరు, ఇంకోటి ఏస్తం. గా పిలగాడు అంత జోరుగ పోయే బండిల కూసున్నడు. నడిమిట్ల ఇంజను పట్టేస్తే?"

ఫోన్ చేశారు. దత్తు ఎత్తలేదు. పెండ్లి బాజాల మధ్య ఎవరికి వినిపిస్తుంది? తెల్లవారి మళ్లీ చేశారు. ఎత్తలేదు.

బస్వరాజ్ బండి తీశాడు. నేనూ వస్తానంది బసమ్మ. వద్దన్నాడు. "ఈ మాట నేనే చెప్పాలె."

సిర్గాపూర్ దాకా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ పోయాడు. పెండ్లి ఇంటి ముందు కారు డిక్కీ తెరిచి ఉంది. దత్తు సామాను సర్దుతున్నాడు. చుట్టూ చుట్టాలు. కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"కీ తిప్పకు దత్తు. నాకు చెవులు ఇనబడ్తలేవు. నిన్న నేనేం ఇనలే. మీటరు కూసింది గూడ ఇనలే. ఇజ్జత్ పోతదని అబద్ధం చెప్పిన."

దత్తు చేతిలోని సంచి కింద పెట్టాడు. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ముఖం ఎర్రబడింది.

"నా పానంతోని ఆడుకున్నవా అన్నా? నిన్ను నమ్మి గదా నేను మీటరును కాదనుకున్న!"

బస్వరాజ్ తల వంచుకోలేదు. వంచుకుంటే దత్తు పెదాలు కనిపించవు. ఆ మాటలన్నీ నిలబడి చూస్తూ విన్నాడు. చుట్టాల్లో ఎవరో నవ్వారు, ఎవరో "ముసలోడైండు పాపం" అన్నారు. అతనికి యాభై నాలుగేళ్లు.

దత్తు ఊపిరి తీసుకున్నాక బస్వరాజ్ అన్నాడు, "మీటరు నిజమే చెప్తుందని నా మనసుకు అనిపిస్తుంది. ఖాయం చేసుకోవాలె. యేసయ్య తాన ముల్లు గేజి ఉంది. కరెంటు లేకుంట నేరుగ ఆయిలుతోని నడిచేది. వాన్ని పిలువు."

యేసయ్య గంటలో ఆటోలో దిగాడు, స్పానర్ల సంచి, గేజి పట్టుకుని. సంగతి విని బస్వరాజ్ వైపు ఒక చూపు చూసి పనిలోకి దిగాడు. కొత్త సెన్సరును విప్పకుండా పాత స్విచ్చు తీసి, ఆ మూతికి తన గేజి గొట్టం బిగించాడు. ఇంజను స్టార్టు చేశారు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు నాలుగు చూపింది, మీటరూ నాలుగే చూపింది. పావుగంట నడిచాక ముల్లు వాలడం మొదలైంది. ముల్లు ఎంత దిగితే అంకె అంత దిగింది. చివరికి ముల్లు సున్నాకూ ఒకటికీ నడుమ వచ్చి ఆగింది. మీటరులో సున్నా పాయింట్ ఐదు.

"బంద్ చెయ్," అన్నాడు యేసయ్య. తర్వాత బస్వరాజ్ చెవి దగ్గరికి వంగి గట్టిగా, "మీటరు వంక లేకుంట పెట్టినవ్ రా. దాని మాటనే నువ్వు నమ్మలే," అన్నాడు.

కారును జాకీల మీద లేపి, దిమ్మెలు పెట్టి, ఆయిలు దింపి, అడుగునుండే తొట్టి విప్పారు. ఆయిలును పైకి పీల్చే జాలీ నిండా రబ్బరు తునకల్లాంటివి అతుక్కుని ఉన్నాయి. ఇంతకుముందు ఎవరో ఆ తొట్టిని విప్పి, మళ్లీ అతికించేటప్పుడు ఎండితే రబ్బరులా అయ్యే గమ్ము ఎక్కువ పూసి తుడవకుండా వదిలేశారు. అది ఊడి ఊడి, ఇంజను నడిచిన కొద్దీ జాలీకి చేరి ఆయిలును అడ్డుకుంటోంది. యేసయ్య ఒక బేరింగు విప్పి గోరుతో రాసి చూశాడు. సన్నటి గీతలు పడ్డాయి గానీ ఇంకా పాడుకాలేదు.

"సంగారెడ్డి గూడ దాటకపోతుంటివి నువ్వు," అన్నాడు దత్తుతో.

దత్తు ఆ జాలీలోంచి ఒక తునకను గోరుతో పీకి చూశాడు. పెండ్లి ఇంటి వాళ్లు చాయ్ తెచ్చారు. కప్పు బస్వరాజ్‌కు తానే అందించి అడిగాడు, "నిన్న ఎందుకు చెప్పలేదో సమజైంది. ఇయ్యాల ఎందుకొచ్చినవ్?"

"ఇంట్ల కూసుంటే పానం ఒప్పలే," అన్నాడు బస్వరాజ్.

కబురు అతనికంటే ముందే ఖేడ్ చేరింది. కొందరు డ్రైవర్లు బస్టాండు దగ్గరి కొత్త షాపుకు మళ్లారు. ఒకడు వచ్చి ఎదురుగా నిలబడి, గొంతు రాకుండా పెదాలు మాత్రం ఆడించి ఆటపట్టించాడు. బస్వరాజ్ వాడి బండికి ఫ్యూజు మార్చి పంపాడు. ఆ రోజు కొట్టు తొందరగా మూసి, ఇంటి వెనక గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాడు. పేరు పోయిందన్న బాధ ఉంది. ఆ పేరును మోసుకు తిరిగే పని తప్పిందన్న సుఖం కూడా ఉంది. రెండింటిలో ఏది పెద్దదో అతనికి తేలలేదు.

పదిహేను రోజులకు దత్తు మళ్లీ వచ్చాడు. అదే కారు. "కూసోండ్రి, సంగారెడ్డి దవాఖానకు పోదం," అన్నాడు. బసమ్మ వెనక సీట్లో, సంచి పట్టేంత చోట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. దారి పొడుగునా బస్వరాజ్ చూపు మీటర్ల మీదే ఉంది. ఇంజను వేడెక్కినా ఆయిలు అంకె మూడుకు తగ్గకుండా నిలబడింది.

దవాఖానలో అతన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. చప్పుడు వినిపిస్తే బొత్తాం నొక్కమన్నారు. ఎంతసేపటికీ నొక్కే అవసరమే రాని భాగాలు చాలా ఉన్నాయి. తర్వాత డాక్టరమ్మ కాగితం మీద గీత చూపించింది. ఎడమ నుంచి కుడికి పోతూ పోతూ గుట్ట దిగినట్టు కిందికి జారింది ఆ గీత. సన్నటి, ఎత్తైన శబ్దాలు పోయాయి; సైలెన్సర్లు లేని ఇంజన్ల పక్కన ముప్పై ఏళ్లు గడిపితే ఇంతే; పోయింది రాదు, చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు అందుతాయి అని చెప్పింది. బసమ్మ కళ్లు తుడుచుకుంది. బస్వరాజ్ మాత్రం ఆ కాగితాన్ని మడవకుండా దారంతా చేతిలో పట్టుకునే వచ్చాడు. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఇప్పుడు తెలుసు.

మిషన్ పెట్టుకున్న మొదటి రోజు కొట్లో అడుగు పెట్టి నలుదిక్కులా చూశాడు. ఫ్యాను కరకర, రేకుల టపటప, పక్క షెడ్డులో గాలి మోటారు, రోడ్డు మీది హారన్లు.

"గింత లొల్లిల ఎట్ల బతుకుతున్నరే మీరు?" అన్నాడు. బసమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు కూడా అతనికి మునుపు గుర్తున్నట్టు లేదు, కాస్త ఇనుము రాసినట్టుంది. నమిలే చప్పుడుకు ఓర్వలేక తినేటప్పుడు మిషన్ తీసేస్తాడు. పేచ్‌కస్‌ను స్క్రూలు విప్పడానికి వాడతాడు.

దత్తు కారు సంగతి చుట్టుపక్కల పాకాక మీటర్ల పని రావడం మొదలైంది. ట్రాక్టర్లకు, బోర్లు వేసే లారీలకు. వచ్చినవాళ్లలో కొందరు పని చెప్పాక ఇటూ అటూ చూసి, దగ్గరికి జరిగి, "నాకు గూడ అన్నా, జర తక్కువనే ఇనబడ్తది" అంటారు. ఇన్నేళ్లూ వీళ్లంతా ఏం చేశారా అని అతనికి ఆశ్చర్యం. తానేం చేశాడో గుర్తొచ్చి అడగడు. అట్లాంటి వాళ్లకు కూత పెట్టే మీటరు పెట్టడు. స్టీరింగ్ ముందు, కళ్లకు ఎదురుగా, ఎర్ర బల్బు పెడతాడు.

మొన్న కంగ్టి నుంచి మొగులప్ప అనే పెద్దమనిషి ట్రాక్టరు తెచ్చాడు. అరవై దాటి ఉంటాయి, వినికిడి తక్కువ. బల్బు వెలిగించి చూపిస్తే పెదవి విరిచాడు.

"గిది కండ్లకు ఆనదు బస్వరాజ్. పొలంల ఎండ కొడ్తది. ఇంకింత పెద్దది పెట్టు."

"కండ్లు గూడ పోయినయా నీకు?"

"పోలేదు గని పోయేతందుకు తయారున్నయి," అన్నాడు మొగులప్ప.

బస్వరాజ్ డబ్బాలో వెతికి లారీ బ్రేకు లైటు ఒకటి తీశాడు, అరచేయంత ఉంది. దాన్ని పెట్టడానికి చోటు చూస్తూ ట్రాక్టరు ఎక్కాడు.